తొమ్మిదో బోగీ

నా చిన్నప్పుడు మా లైనులో పది ఇళ్ళకీ కలిపి ఒకే ఒక్క తెలుగు కథల పుస్తకం ఉండేది. ఒక్కటేనా అని తీసిపారేయకండి, దాని లావు మీకు తెలియదు. మా అమ్మ ఒత్తిన అప్పడాలు వంకర తిరగకుండా దాని కిందే పెట్టేది. ఓసారి మంచం కోడు విరిగితే మా నాన్న మూడు వారాలు ఆ పుస్తకం ఆసరాతోనే గురకపెట్టి నిద్రపోయాడు. వర్క్‌షాపు క్రేనొచ్చి ఎత్తితే గానీ అది అటకెక్కేది కాదని నేనంటే మా ఆవిడ నమ్మదు. నా మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసి వినమని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ముందే చెప్పి కూర్చోబెడుతుంది. పుస్తకం లావు విషయంలో ఆమె చెప్పినట్టే వినండి, నాకు అభ్యంతరం లేదు. మా తాతయ్య విషయం దగ్గరకొచ్చేసరికి మాత్రం తగ్గించకండి. అక్కడ నేనేమీ కలపలేదు. ఎందుకు కలపలేదన్నదే ఈ కథ.

మాది ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ కాలనీ. శ్రీకాకుళం నుంచి బండెక్కి వచ్చిన తాతల కాలం నుంచీ రైల్వే సైరను మోగితే లేచి, సైరను మోగితే తిని బతికిన కుటుంబాలు మావి. తాతయ్య వర్క్‌షాపులో రైలు పెట్టెల సీట్లు కుట్టేవాడు. ఆ పనివాళ్ళని ట్రిమ్మర్లనేవారు. దబ్బనం, మైనం పట్టించిన దారం, కొబ్బరి పీచు, ఆకుపచ్చ రెక్సిన్, ఇవే ఆయన ప్రపంచం. హౌరా నుంచి మద్రాసు దాకా ఎవరు కూర్చున్నా మా తాతయ్య కుట్టు మీదే కూర్చున్నారని నేను బడిలో అందరికీ చెప్పేవాణ్ణి. అది మరీ అంత అబద్ధమేమీ కాదు.

ఆ పుస్తకం ఆయనకి మరమ్మతుకొచ్చిన ఒక పెట్టెలో, సీటుకీ గోడకీ మధ్య ఇరుక్కుని దొరికింది. ఎవరో ప్రయాణికుడు మరిచిపోయినది. అట్ట లేదు, పేరున్న పుట లేదు. నిజాయితీగా తీసుకెళ్ళి ఆఫీసులో అప్పజెప్పాడు. నెలలు గడిచినా ఎవరూ రాలేదు. చివరికి అక్కడి బెంగాలీ బాబు, ఇది మీ భాషే కదా, నువ్వే పట్టుకుపో అని ఇచ్చేశాడట. ఇంటికి తెచ్చాక మొదటి పుట పైన సిరాతో రాసిన వాక్యాన్ని మా అమ్మ కూడబలుక్కుని చదివింది. చదివినవారు తమ వద్ద ఉంచుకొనక వేరొకరికి ఇవ్వవలెను. అంతే. సంతకం లేదు. ముప్పై ఏళ్ళు రైల్వే ఉత్తర్వుల కింద పనిచేసిన మనిషికి అది ప్రయాణికుడు రాసుకున్న మాటలా అనిపించలేదు. పైనుంచి వచ్చిన ఆర్డరులా అనిపించింది.

అయితే చిక్కేమిటంటే, ఒక ఇంట్లో అది పూర్తయ్యేసరికి రెండో ఇంటివాళ్ళు రిటైరయ్యేలా ఉన్నారు. తాతయ్య ఒక ఆదివారం ముంగిట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. దబ్బనం తీశాడు. పుస్తకం వీపు విప్పి తొమ్మిది భాగాలు చేశాడు. ఒక్కోదాన్నీ సీటు కుట్టినట్టే కుట్టి, చెత్తలో పడేసిన రెక్సిన్ పీలికలతో అట్టలు వేసి, తెల్ల రంగుతో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాడు. అవే బోగీలు. ప్రతి ఆదివారం పొద్దున్న పక్కింటి బోగీ మనింటికి రావాలి, మనింటిది అవతలింటికి వెళ్ళాలి. ఒకరిని దాటి ఒకరు వెళ్ళకూడదు. ఇక పెట్టినవాడు ఆఖర్న తినాలి కాబట్టి మా ఇల్లు పదోది, చిట్టచివరిది.

ఇంకో నియమం కూడా పెట్టాడు. అదే నా ప్రాణం తీసింది. బండి స్టేషన్లోకి ఇంజను రాగానే వచ్చినట్టు కాదు, వెనకాల గార్డు పెట్టె కూడా లోపలికొస్తేనే వచ్చినట్టు. అలాగే ఆఖరి ఇల్లు ఆఖరి బోగీ చదివేదాకా కథ గురించి ఎవరూ నోరెత్తకూడదు. అందరూ చదివేశాక, ఆ ఆదివారం సాయంత్రమే కుళాయి దగ్గర చప్టా మీద చేరి మాట్లాడుకోవాలి. మొదలుపెట్టేది గార్డు. అంటే మా తాతయ్య.

తొమ్మిది వారాలపాటు మిగతా ఇళ్ళన్నీ చదువుతుంటే మేము గోడలు చూస్తూ కూర్చున్నాం. పక్కింట్లో ఎవరైనా పైకి చదువుతుంటే తాతయ్య చెవుల్లో వేళ్ళు పెట్టుకుని దాటేవాడు. నేను కూడా పెట్టుకునేవాణ్ణి, కాకపోతే కొంచెం వదులుగా.

పదో వారం మొదటి బోగీ మా ఇంటికొచ్చింది. చదివే పని నా మీద పడింది. నాన్నకి డ్యూటీలు, అమ్మకి వంటిల్లు. తాతయ్య జేబులో కళ్ళజోడు ఉండేది గానీ దానికి రోజుకో జబ్బు. ఒకరోజు దారం తెగిందనేవాడు, ఒకరోజు అద్దం మసకబారిందనేవాడు, ఒకరోజు వర్క్‌షాపు పెట్టెలో మరిచిపోయాననేవాడు. నువ్వు సదువు, నానింటాను అనేవాడు. బడిలో నేను నేర్చుకున్నవి హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ. తెలుగు అక్షరాలు అమ్మ వంటింట్లో పిండి మీద దిద్దించినవే. మొదటి బోగీ చదవడానికి నాకు పట్టిన సమయంలో గూడ్సు బండి విశాఖపట్నం వెళ్ళి తిరిగి వచ్చేస్తుంది. నాలుగో బోగీకి పాసింజరునయ్యాను. ఏడో బోగీకి మెయిలు బండినే.

ఎందుకంటే కథ అలాంటిది. ఏరు దాటించే ఒక పడవమ్మాయి చేతికి ఎవరో ముసలావిడ తాళం వేసిన చిన్న పెట్టె ఇచ్చి, ఏటి మొదట్లో ఉండే ఒక మనిషికి అందజేయమంటుంది. విప్పకూడదంటుంది. అక్కడి నుంచి వరదలు, దొంగలు, చిల్లుపడ్డ పడవ. ఆ పిల్ల ఆకలితో పడుకుంటుంది గానీ పెట్టె మాత్రం వదలదు. ఆ పెట్టెలో ఏముంది? అన్నం తింటూ అదే, పళ్ళు తోముకుంటూ అదే. ఊహలు చాలక గోల్‌బజార్‌లో మిఠాయిలమ్మే బెంగాలీ దాదాకి కథంతా అతని భాషలో చెప్పి అభిప్రాయం అడిగాను. ఆయన పాకం గరిటె పైకెత్తి చాలాసేపు ఆలోచించి, సందేహం లేదు, మిఠాయే అన్నాడు.

పెద్దవాళ్ళ మొహాలు కూడా చూసేవాణ్ణి. తొమ్మిదో బోగీ ఏ ఇంటికి వెళ్ళిందో ఆ ఇంట్లో ఆ వారం ఏదో జరిగేది. మూడో ఇంటి డ్రైవరు మావయ్య, సొంతూరి పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి, పోస్టాఫీసుకెళ్ళి ఉత్తరం రాసుకొచ్చాడు. పక్కింటి అక్క కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా చూసుకోకుండా నిలబడింది. అప్పటికి ఊళ్ళో ఇన్‌లాండ్ కవర్లన్నీ మా లైనువాళ్ళే కొనేశారని నా లెక్క. నాకు అనుమానం లేదు. పెట్టెలో నిధి గురించి రాసుంటుంది, వీళ్ళంతా వాటా పంచుకోవడానికి చుట్టాలని పిలిపించుకుంటున్నారు.

ఈలోగా మా ఇంట్లోనే ఇంకో రహస్యం నా చేతికి చిక్కింది. మేము ఐదో బోగీలో ఉండగా దాని మీదా మూడోదాని మీదా అంకెలు చెరిగిపోయాయి. చదివేసిన బోగీలన్నీ మా ట్రంకు పెట్టెలోనే ఉండేవి కాబట్టి, నేను పొరపాటున మూడోది తీసి, మనం ఆపింది ఇక్కడేనా తాతా అని పుట తెరిచి అందించాను. ఆరోజు కళ్ళజోడు ఆరోగ్యంగానే ఉంది. పెట్టుకున్నాడు. వేలు పెట్టి వరసలు తడిమాడు. ఇదే, ఇదే, ఎత్తుకో అన్నాడు. తీరా నేను చూస్తే అది పడవకి చిల్లు పడే చోటు, రెండు వారాల కిందటి ముచ్చట.

నాకు వెంటనే అర్థమైపోయింది. మా తాతయ్యకి చదవడం రాదు. జీతం రోజున ఇంగ్లీషులో గొలుసు సంతకం పెట్టే మనిషి, గుళ్ళో నోటీసు బోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే మనిషి, లైనంతటికీ పుస్తకం పంచిన మనిషి, ఒక్క అక్షరం చదవలేడు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్ళూ కాపాడుకుంటున్నాడు. ఎవరికీ చెప్పకూడదని నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. చెప్పలేదు కూడా. కానీ మనసులో ఒక మూల పెట్టుకున్నాను. పదేళ్ళవాడి మనసులో అలాంటిది ఊరికే ఉండదు.

తొమ్మిదో బోగీ వచ్చిన ఆదివారం తాతయ్య చేపల కోసం గోల్‌బజార్ వెళ్ళాడు. తను వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాడు. ఆయన రిక్షా మలుపు తిరగకముందే నేను తులసికోట వెనక చేరి చదివేశాను. పడవమ్మాయి చేరింది. ఏటి మొదట్లో గుడిసె. ఒక పెద్దమనిషి. తాళం తీశాడు. పెట్టెలో ఒక చిన్న పిల్లాడి చొక్కా ఉంది. పాతది, మోచేతి దగ్గర కుట్టు పడ్డది. అతను దాన్ని మొహానికి ఆనించుకున్నాడు. అమ్మాయి పడవెక్కి వెనక్కి బయలుదేరింది. కథ అయిపోయింది.

చొక్కా. నాలుగు నెలలకి పైగా కాచుకుంటే, పది ఇళ్ళవాళ్ళు నోళ్ళు కుట్టుకుని కూర్చుంటే, చిరిగిన చొక్కా. ఆ రాసినవాడు కనబడితే వాణ్ణి ఇంజన్లు తిప్పే టర్న్‌టేబుల్ మీద నిలబెట్టి సాయంత్రం దాకా తిప్పుదునన్నంత కోపం వచ్చింది. ఇంత మంచి కథకి ఈ ముగింపేమిటి? దీనికంటే నేనే బాగా రాయగలను కదా?

భోజనాలయ్యాక తాతయ్య గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాడు. శుభ్రమైన పంచె కట్టుకున్నాడు, గుడికి వెళ్ళినట్టు. నేను బోగీ తెరిచి గొంతు సవరించుకున్నాను. తాళం తీసేదాకా పుస్తకంలో ఉన్నదే చదివాను. ఆ తర్వాత పుట మీద కళ్ళు అలాగే ఉంచి, నా సొంత ఇంజను తగిలించాను. పెట్టెలోంచి మూడు తలల పాము లేచింది. ఒక తల నిప్పు కక్కింది, ఒక తల నీళ్ళు కక్కింది, మూడోది పద్యం చెప్పింది. పాము చుట్టల కింద రాజుగారి కిరీటం ఉంది. పడవమ్మాయి తెడ్డుతో పామును ఓడించి కిరీటం పెట్టుకుని ఏడు దీవులకి రాణి అయింది. తాతయ్య నోరు తెరుచుకుని విన్నాడు. పాము చచ్చినప్పుడు మోకాలి మీద చరుచుకున్నాడు. అయ్యాక, బాగుందిరా, ఇంత ఉంటాదని నాననుకోనేదు అన్నాడు.

నా జీవితంలో మొదటి శ్రోత ఆయన. ఆ గర్వంలో సాయంత్రం చప్టా మీద సభ ఉందన్న సంగతి పూర్తిగా మరిచిపోయాను.

నాలుగున్నరకల్లా లైనంతా చేరిపోయింది. పీటలు, చాపలు, మరమరాల్లో ఉల్లిపాయలు కలిపిన పళ్ళెం, పెద్ద కెటిల్లో టీ. రాణీగారి పట్టాభిషేకానికి కూడా అంతమంది వచ్చుండరని అనబోయాను గానీ, ఇది తాతయ్య భాగం, కలపనని మాటిచ్చాను. ముప్పై మంది ఉంటారు. పక్కింటి అక్క టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, నువ్వే మొదలెట్టు తాతా, పెట్టెలో ఏటున్నాదో నీ నోటితోనే ఇందాం అంది. నేను అమ్మ వెనక్కి జరిగాను.

తాతయ్య మొదలుపెట్టాడు. చేతులు తిప్పుతూ, మూడు తలలూ చూపిస్తూ, నాకంటే బాగా చెప్పాడు. మూడో తల పద్యం దగ్గరకొచ్చేసరికి డ్రైవరు మావయ్య నెమ్మదిగా అడిగాడు.

"పావేటి మావా? కిరీటమేటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఒక నవ్వు ఇంకో నవ్వుని లాగింది, కప్లింగు పడ్డ పెట్టెల్లాగా. తాతయ్య తను కూడా కొంచెం నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. అప్పుడు అక్క అంది, వెక్కిరింతగా కాదు, నిజంగా ఆశ్చర్యపోయే.

"మాకొచ్చిన బోగీలో పావు నేదు తాతా. నీకెవులు సదివి పెట్టినారు?"

ఆ ప్రశ్న విన్నాక ఆయన నవ్వు ఆగింది. గ్లాసు కింద పెట్టాడు. తల తిప్పి నన్ను ఒక్కసారి చూశాడు. కోపం లేదు. చిరిగిన సీటుని చూసినప్పుడు ఎక్కడ తెగిందో వెతుక్కున్నట్టు చూశాడంతే. ఆయన చెయ్యాల్సిందల్లా నా వైపు వేలు చూపడమే. అల్లరి గుంటడు తాతని ఆటపట్టించాడని అందరూ నవ్వి, నాకు రెండు తగిలించి, మరమరాలు తినేవారు. కాకపోతే వేలు చూపిస్తే, నీకే చదవడం వచ్చు కదా, వీడెందుకు చదివాడని ఎవరో ఒకరు అడిగేవారేమో. అడగకపోయేవారేమో కూడా. ఆయన ఏది లెక్కవేశాడో నాకు ఈనాటికీ తెలియదు. జేబులోంచి కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచాడు.

"నానే సదువుకున్నాను. ముసిలోణ్ణి, కునుకు పట్టేసింది కావాల. కలా కతా కలిసిపోనాయి."

ఇక పకపకలు. పాము తాత అన్నారు. అటు తర్వాత చాలాకాలం ఆయన వర్క్‌షాపు గేటు దాటుతుంటే పాము బయల్దేరిందనేవారు. బయట టీ కొట్టు దాదా కూడా నేర్చుకుని, బెంగాలీలో సాప్ దాదూ అని పిలిచేవాడు. ఆయన అందరికీ చెయ్యెత్తి వెళ్ళిపోయేవాడు. ఆ సాయంత్రం మిగిలినవాళ్ళు అసలు ముగింపు గురించి మాట్లాడబోతే మాత్రం లేచి నిలబడ్డాడు. నానింకా సరిగ్గా సదవనేదు, గార్డు పెట్టె ఇంకా లోపలికి రానేదు, వచ్చే ఆదోరం సూద్దారి అని, నా భుజం మీద చెయ్యి వేసి ఇంటికి నడిపించాడు.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. గుమ్మం దగ్గర మళ్ళీ అదే చోట కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోమని, తొమ్మిదో బోగీ నా ఒళ్ళో పెట్టాడు.

"నాను కుట్టిన సీటు మీద కూకున్నోడు, లోపల పీసున్నాదో గడ్డున్నాదో ఇప్పి సూడడు బాబూ. నమ్మి కూకుంటాడు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు సదువు."

చదివాను. కళ్ళలో నీళ్ళకి అక్షరాలు అలుక్కుపోయి మళ్ళీ గూడ్సు బండినయ్యాను. చొక్కా దగ్గరకొచ్చి ఆగాను. ఇంతే తాతా, ఇందులో ఏమీ లేదు, మోచేతి దగ్గర కుట్టు పడ్డ పాత చొక్కా అన్నాను. అందుకే మార్చానని కూడా అనబోయాను. ఆయన ముందుకు వంగాడు. మోచేతి దగ్గర కుట్టు ఎలా ఉందని రాశారో చూసి చదవమన్నాడు. నేను ఆ వాక్యాన్ని రెండుసార్లూ దాటుకుంటూ వెళ్ళిపోయానని అప్పుడే తెలిసింది. వెతికి చదివాను. లోపలి వైపు నుంచి, పైకి కనబడకుండా వేసిన కుట్టు అని ఉంది.

తాతయ్య తన బొటనవేలి మీద దబ్బనం చేసిన గట్టి మచ్చని రుద్దుకుంటూ ఉన్నాడు.

"ఇంట్లో తిరిగే సొక్కాకి ఎవులూ అలా కుట్టరు. ఆ గుంటడు బడికెళ్ళేవోడు. తోటోళ్ళు నవ్వకూడదని ఆ తల్లి లోపల్నుంచి కుట్టినాది."

పెట్టె ఇచ్చిన ముసలావిడ ఎవరో, చొక్కాని మొహానికి ఆనించుకున్న పెద్దమనిషి ఎవరో నాకు అప్పుడు తెలిసింది. పుస్తకంలో ఎక్కడా రాయలేదది. డ్రైవరు మావయ్య ఉత్తరం ఎవరికి రాశాడో కూడా తెలిసింది. అక్షరం రాని మనిషి చదివి చెబితే తెలిసింది. ఆరోజు చప్టా మీద ఆయన నాకు వేసిన కుట్టు కూడా లోపలి వైపుదేనని తెలియడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంత సన్నటి కుట్టు అది.

తాతయ్య పోయాక ట్రంకు పెట్టె నాకొచ్చింది. తొమ్మిది బోగీలూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. రెండుసార్లు దారాలు మార్చాను. నా కుట్లు పైకే కనబడతాయి, ఆ చెయ్యి నాకు రాలేదు. ట్రాఫిక్‌లో మా పాత లైను పలచబడింది గానీ పాఠకులకి లోటు లేదు. ఆంధ్రా, తెలంగాణల నుంచి ఇక్కడికి ఇంజనీరింగు చదువుకోవడానికొచ్చిన పిల్లలు ఆదివారం న్యూ సెటిల్‌మెంట్ గుడికి దర్శనానికని వస్తారు. అసలు వచ్చేది పులిహోరకి. వాళ్ళు రెండో దొన్నె కోసం నిలబడ్డప్పుడు పట్టుకుని మొదటి బోగీ చేతిలో పెడతాను. ఇదేం పద్ధతి అంకుల్, ఫోటోలు తీసి ఒకేసారి పంపేయొచ్చు కదా అంటారు. పంపొచ్చు. వచ్చే ఆదివారం మళ్ళీ రండి, రెండోది ఇస్తానంటాను. పులిహోర కోసమో పడవమ్మాయి కోసమో వస్తారు.

లోకంలో ప్రతిదాన్నీ పెంచి చెప్పడం నా వృత్తి, నా జబ్బు. మా ఆవిడ దానికి సగంలో సగం అని వైద్యం కనిపెట్టింది. కానీ ఒక పుస్తకం తెరిచి ఎవరికైనా చదివి వినిపించాల్సి వస్తే, ఒక్క మాట కలపను, ఒక్క మాట దాటను. నమ్మి కూర్చున్నవాళ్ళు గుర్తొస్తారు.

మొన్న ఆదివారం ఒక వరంగల్ అమ్మాయి తొమ్మిదో బోగీ తిరిగివ్వడానికొచ్చింది. దొన్నె కూడా తీసుకోలేదు, మొహం ముడుచుకుంది. రెండు నెలల్నుంచి తిప్పుతున్నారు, ఆఖరికి చొక్కానా అంకుల్ అంది. నాలో మూడు తలలూ ఒక్కసారి లేచాయి. వాటిని అణుచుకుని, బోగీ తిరిగి ఆమె చేతికే ఇచ్చి, మెట్ల మీద పక్కన చోటు చూపించాను.

"ఆ మోచేతి దగ్గర కుట్టు ఎలా ఉందో చూశావా తల్లీ?"